అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లకి జట్టు ఆటలు: ఏవి ఆడించాలి, ఎలా నడపాలి?

ప్రశ్న: సి బ్లాక్ కార్యదర్శి, మియాపూర్

మాది నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంట్. పిల్లల దగ్గర ఉండటానికి ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు ముప్పై మంది దాకా ఉన్నారు. అందరూ అరవై దాటినవాళ్లే, ఎనభై దాటినవాళ్లూ కొందరున్నారు. సాయంత్రం నాలుగైతే కిందకి దిగుతారు. మగవాళ్లు గేటు దగ్గర బెంచీల మీద, ఆడవాళ్లు పార్కు పక్కన అరుగు మీద. ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ చీకటి పడేదాకా కూర్చుని పైకి వెళ్లిపోతారు. ఒకాయన భార్య పోయాక అసలు దిగడమే మానేశారు.

కమ్యూనిటీ హాలు మామూలు రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. సంఘం తరఫున యోగా పెట్టించాం. మొదట్లో బాగానే వచ్చారు, పోను పోను నలుగురైదుగురు మిగిలారు. సంక్రాంతికి తంబోలా పెడితే మాత్రం హాలు నిండిపోయింది. అప్పుడే అనిపించింది, వీళ్లకి వ్యాయామం కంటే ఆట కావాలేమోనని.

ఇబ్బందులు కూడా చెప్తాను. ముగ్గురికి మోకాళ్ల ఆపరేషన్లయ్యాయి. కొందరికి చెవులు సరిగా వినపడవు. ఒకావిడకి మతిమరుపు జబ్బు మొదలైంది. చదవడం రానివాళ్లూ ఉన్నారు. సగం మంది తెలంగాణ పల్లెల నుంచి, సగం మంది కోస్తా వైపు నుంచి. ఖర్చు ఎక్కువ పెట్టలేం. ఎక్కడైనా నిజంగా నడిపించినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: చందానగర్ కుర్రాడు

మ్యూజికల్ చైర్స్, నిమ్మకాయ–చెంచా పెట్టండన్నా. మా కార్తీక వనభోజనాల్లో అవే సూపర్ హిట్. ప్రైజులకి స్టీలు డబ్బాలు తెస్తే చాలు, అందరూ వస్తారు.

జవాబు: రిటైర్డ్ డ్రిల్లు టీచర్, గుంటూరు

కార్యదర్శి గారూ, నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా కాలనీలో పెద్దవాళ్లతో ఆటలు ఆడిస్తున్నాను. మీరు అడిగింది నాకు చాలా ఇష్టమైన విషయం, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు పై బాబు చెప్పినదాని గురించి. మ్యూజికల్ చైర్స్ మాత్రం వద్దు నాయనా. పాట ఆగగానే గబుక్కున తిరిగి, ఉందో లేదో తెలియని కుర్చీలో కూలబడటం డెబ్భై ఏళ్ల తుంటికి చాలా ప్రమాదం. నిమ్మకాయ–చెంచా ఆటలో మనిషి చూపు నేల మీద ఉండదు, చెంచా మీదే ఉంటుంది. పిల్లవాడు పడితే లేచి దులుపుకుంటాడు. అరవై అయిదేళ్ల ఆవిడ పడితే ఆపరేషన్.

ఇక అసలు సంగతి. మీ యోగాకి జనం తగ్గిపోవడానికి కారణం యోగా కాదండీ. అక్కడ ఒక మనిషి రాకపోతే ఎవరికీ లోటు లేదు. తంబోలా కూడా ఎవరి టికెట్టు వాళ్లదే, పండగ రోజు బాగుంటుంది గానీ ప్రతి వారం నిలవదు. పెద్దవాళ్లని రప్పించేది "కాలక్షేపానికి రండి" అన్న పిలుపు కాదు. "మన జట్టుకి ఒకరు తక్కువయ్యారు, మీరు రాకపోతే ఓడిపోతాం" అన్న పిలుపు. ఉద్యోగం, పొలం, వంటిల్లు అన్నీ చేజారాక వాళ్లని అలా అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ఏ ఆట అన్నది తర్వాత చూడొచ్చు, ముందు జట్లు కట్టండి. రోజుకో జట్టు కాదు, స్థిరమైన జట్లు. మీ ముప్పై మందినీ నాలుగు జట్లు చేయండి. ప్రతి దానిలోనూ చురుగ్గా ఉన్నవాళ్లు ఇద్దరు, నెమ్మదిగా ఉన్నవాళ్లు ఇద్దరు ఉండాలి. భార్యాభర్తల్ని వేర్వేరు జట్లలో వేయండి, ఆట రంజుగా ఉంటుంది. పేర్లు వాళ్లనే పెట్టుకోమనండి. మా వాళ్లు నదుల పేర్లు పెట్టుకున్నారు. గోడకి ఒక చార్టు కట్టి, పాయింట్లు వారం వారం కలుపుతూ పోవాలి. లెక్క రాసే పని మీ వాళ్లలో రిటైర్డ్ గుమాస్తానో, బ్యాంకు ఆయనో ఉంటే ఆయనకి అప్పజెప్పండి. వాళ్ల లెక్క తప్పదు, తప్పనివ్వరు.

ఆటల్లో మొదటిది బుడగ వాలీబాల్. రెండు వరసల కుర్చీలు ఎదురెదురుగా, వరసకి ఐదుగురో ఆరుగురో. మధ్యలో ఒక నైలాను తాడు కట్టి దాని మీద పాత చున్నీ వేస్తే అదే నెట్టు. కూర్చుంటే కళ్లకి ఎదురుగా వచ్చే ఎత్తు చాలు. బంతి బదులు పెద్ద బుడగ. ఒకటే నియమం, కుర్చీలోంచి లేవకూడదు. లేస్తే పాయింటు అవతలివాళ్లది. మనవైపు ఎన్నిసార్లు కొట్టుకున్నా పరవాలేదు, నేల తాకకూడదంతే. పదిహేను పాయింట్ల గేమ్. బుడగ నెమ్మదిగా వస్తుంది కాబట్టి చూపు మందగించినవాళ్లకీ, చెయ్యి ఆలస్యంగా లేచేవాళ్లకీ అందుతుంది. ఎరుపు గానీ పసుపు గానీ కొనండి, తెల్ల గోడ ముందు తెల్ల బుడగ కనపడదు. బుడగ ఠప్పున పగిలితే కొందరు అదిరిపడతారు, పల్చటి నూలు గుడ్డతో సంచీ కుట్టి అందులో ఊదండి. ఇంకో సంగతి, ఆడుతున్నంతసేపూ ఫ్యాన్లు ఆపాలి, లేకపోతే బుడగ ఎటో పోతుంది. అందుకే వేసవిలో పది నిమిషాల కంటే ఎక్కువ ఆడించను. ఆపి, ఫ్యాను వేసి, మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ మొదలుపెడతాను.

కుర్చీల గురించి కూడా జాగ్రత్త. ఫంక్షన్ హాళ్లలో ఉండే చేతుల్లేని పల్చటి ప్లాస్టిక్ కుర్చీలు పక్కకి వంగితే తిరగబడతాయి. చేతులున్నవి, బరువైనవి తీసుకోండి. నున్నటి టైల్స్ మీద అయితే కింద జంపఖానా పరవండి, అంచులు మడత పడకుండా టేపు వేయండి.

రెండోది చీర ఆట. పాత నేత చీర ఒకటి తీసుకుని రెండు మడతలు వేస్తే బాగా గట్టిగా ఉంటుంది. దాని చుట్టూ పదిమంది కూర్చుని అంచు పట్టుకుంటారు, ఈ వైపు ఐదుగురు ఒక జట్టు, ఆ వైపు ఐదుగురు ఇంకో జట్టు. మధ్యలో బంతి వేస్తాం. చీర ఎత్తుతూ దించుతూ బంతిని అవతలివాళ్ల వైపు పడేట్టు చేయాలి. ఒక్కరు లాగితే కుదరదు, ఐదుగురూ ఒకేసారి ఎత్తాలి. మా దగ్గర పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు లేని ఒకాయన ఎడమ చేత్తో అంచు పట్టుకుని "హా... ఎత్తండి!" అని కేక వేస్తారు. ఆయన కేక మీదే జట్టంతా కదులుతుంది. ఇంట్లో మాట కూడా తక్కువని వాళ్లబ్బాయి చెప్పాడు.

బంతికి ఒక చిట్కా. బాల్ బ్యాడ్మింటన్‌కి వాడే పసుపు ఉన్ని బంతి కొనండి. ముప్పై గ్రాములకి మించదు, తగిలినా నొప్పి పుట్టదు, రబ్బరు బంతిలా మంచాల కిందకీ బీరువాల కిందకీ ఎగిరిపోదు. వేళ్లు వంకర్లు పోయినవాళ్లకి కూడా పట్టు దొరుకుతుంది. ఇదే బంతిని బకెట్‌లో వేయించే ఆట కూడా పెట్టొచ్చు. టెన్నికాయిట్ ఆటకి వాడే రబ్బరు రింగులుంటే స్టూలు తిరగేసి, పైకి లేచిన నాలుగు కాళ్లకీ వేయించండి. ముందు కాళ్లకి ఒక పాయింటు, వెనక కాళ్లకి రెండు.

కూర్చుని ఆలోచించే ఆటల్లో అష్టాచెమ్మాని మించింది లేదు. నలుగురు ఆడతారు కాబట్టి ఎదురెదురు కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఒకరి కాయలు పండినా రెండోవారి కోసం ఆట సాగుతుంది, ఇక్కడే అసలు సలహాలూ సంప్రదింపులూ. కింద కూర్చోలేరు కాబట్టి ప్లైవుడ్ ముక్క మీద అయిదు అయిదుల పాతిక గళ్లు పెయింటుతో గీయించి టేబుల్ మీద పెట్టండి. కాయలుగా సీసా మూతలు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. గవ్వలు గుప్పిట్లో ఆడించలేనివాళ్లకి స్టీలు గ్లాసు ఇవ్వండి, గిలక్కొట్టి బోర్లిస్తారు. ఆట మొదలయ్యే ముందు నియమాలు పైకి చదివి వినిపించండి. అవతలివాళ్ల కాయ ఒక్కటన్నా చంపితేగాని లోపలి గళ్లలోకి పోకూడదని కొన్ని ఊళ్లలో, అదేం లేదని కొన్ని ఊళ్లలో. అష్టా (ఎనిమిది) పడితే, చెమ్మా (నాలుగు) పడితే మళ్లీ వేయాలన్నది మాత్రం అంతటా ఉంది. మీ దగ్గర రెండు వైపుల వాళ్లూ ఉన్నారంటున్నారు, ఇది ముందే తేల్చకపోతే మొదటి రోజే తగువు.

చదవడం రానివాళ్ల గురించి అడిగారు. సామెతల మూగనాటకం పెట్టండి. సామెత చీటీ మీద రాసివ్వద్దు, చెవిలో చెప్పండి. జట్టులో ఒకరు మాట లేకుండా అభినయిస్తే మిగతావాళ్లు రెండు నిమిషాల్లో చెప్పాలి. "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు" చేసి చూపించమంటే మా దగ్గర డెబ్భై ఆరేళ్ల పెద్దాయన కుర్చీలో కూర్చునే ఒక చేత్తో తోక పట్టుకుని రెండో చేత్తో ఈది, మధ్యలో మునిగి తేలారు. సామెతల్లో పల్లెటూరి ఆడవాళ్లని కొట్టేవాళ్లు లేరు. అక్షరం రాదని వెనక కూర్చునేవాళ్లు ఆ రోజు ముందు వరసలోకి వస్తారు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, విశాఖ

టీచర్ గారు చెప్పినవన్నీ మంచివి. మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి చెప్తాను.

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా అని అందరినీ ఒకసారి చూడండి. లేవలేనివాళ్లు నిలబడి ఆడే ఆటల్లో ఉండకూడదు, కూర్చుని ఆడతారు. బీపీ మాత్రలు వాడేవాళ్లు గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. ఆట అయ్యాక ఒక నిమిషం పాదాలు ఆడించి, అప్పుడు లేవమనండి. షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో రాకూడదు. హాల్లో పంచదార, బిస్కెట్లు ఎప్పుడూ ఉంచండి. ఎవరికైనా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు వంగి నేల మీద బంతి తీయకూడదు, బంతులు అందించడానికి పిల్లల్ని పెట్టుకోండి. భుజం పట్టేసినవాళ్లు చెయ్యి కింది నుంచి విసరాలి. హవాయి చెప్పులతో ఆడనివ్వకండి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోవాలి.

అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి కాస్త శ్రమ కలిగే పని చేయాలని, దానిలో మూడు రోజులైనా తూకం, బలం పెంచే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. అందుకని కూర్చునే ఆటలతోనే సరిపెట్టకండి. నిలబడగలిగినవాళ్లకి గోడ పక్కనో, బరువైన టేబుల్ పక్కనో నిలబడి రింగు విసిరే ఆట ఉంచండి. పట్టుకోవడానికి ఏదో ఒకటి చేతికి అందేంత దూరంలో ఉండాలి.

సి బ్లాక్ కార్యదర్శి

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు, టీచర్ గారూ. మా దగ్గర ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ఆడటానికి మొహమాట పడతారు, "మాకెందుకు బాబూ" అంటారు. ఇంకొకటి, మతిమరుపు ఉన్నావిడని వాళ్ల కోడలు తీసుకొస్తానంటోంది గానీ మిగతావాళ్లు ఏమనుకుంటారోనని టెన్షన్ పడుతోంది.

రిటైర్డ్ డ్రిల్లు టీచర్, గుంటూరు

మొహమాటానికి మందు కోలాటం. మీ దగ్గర ఊళ్లో కోలాటం వేసినవాళ్లు కచ్చితంగా ఉంటారు. కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతికి కర్రలివ్వండి. తన కర్రలు తను ఒకసారి, ఎదుటివాళ్ల కర్రలకి ఒకసారి, అంతే. పాట, దరువు ఆడవాళ్లే చెప్తారు, మగవాళ్లు నేర్చుకుంటారు. ఒకసారి తప్పు దిద్దే స్థానంలో కూర్చున్నాక "మాకెందుకు" అన్న మాట రాదు. మొదటి వారం కోలాటం, సామెతలు పెట్టి, రెండో వారం జట్లు కలపండి. తెలంగాణ అమ్మలు బతుకమ్మ పాటలకి చప్పట్లతో వేసే అడుగులు కూర్చుని వేయిస్తే అదీ చక్కటి వ్యాయామమే.

మతిమరుపు ఉన్నావిడని తప్పకుండా రానివ్వండి. కొన్ని పద్ధతులు పాటిస్తే చాలు. ఎప్పుడూ ఒకే కుర్చీ, ఒకే పక్కవాళ్లు. నియమాలు గుర్తుండవలసిన ఆటలో పెట్టకండి. చీర ఆట, బుడగ ఆట అయితే బంతి మీదకి వచ్చినప్పుడు చెయ్యి దానంతట అదే లేస్తుంది. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని ఎవరూ పరీక్ష పెట్టకూడదని జట్టువాళ్లకి ముందే చెప్పండి. దగ్గరికి వెళ్లి మన పేరు మనమే చెప్పి నమస్కారం పెట్టాలి. ఇంటికి వెళ్తానంటే ఆట మధ్యలోనైనా కోడలితో పంపించేయండి, బలవంతం వద్దు. పాటలు మాత్రం చాలామందికి చివరిదాకా మిగులుతాయి. అంత్యాక్షరిలో మా దగ్గర మతిమరుపు ఉన్నావిడ ఏ పాట ఎత్తుకున్నా, అక్షరం కలిసినా కలవకపోయినా, మా జట్టువాళ్లు పూర్తిగా పాడనిస్తారు. పాయింటు కూడా ఇస్తాం. అవతలి జట్టు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

అంత్యాక్షరి పెట్టేటప్పుడు "ణ", "ళ" లాంటివి వస్తే దాని ముందున్న అక్షరం తీసుకోవచ్చని నియమం పెట్టుకోండి. చెవులు వినపడనివాళ్ల కోసం అక్షరాన్ని బోర్డు మీద చెయ్యంత పెద్దది రాసి చూపించాలి. తంబోలాలో అంకెలు కూడా అంతే, రెండుసార్లు చదివి, బోర్డు మీద రాయాలి.

జవాబు: కరీంనగర్ తాత

నాకు డెబ్భై నాలుగు. బోయినపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్న. ఆడేవాళ్ల తరఫున ఒకటి చెప్పాలనిపించింది.

మమ్మల్ని గెలవనియ్యకండి. అంటే, కావాలని ఓడిపోకండి. మా అపార్ట్‌మెంట్‌లో క్యారమ్స్ పెట్టినప్పుడు కుర్రాళ్లు వచ్చి తాత అని రెడ్ వదిలేసేవాళ్లు. నేను కాలేజీ రోజుల్లో హాస్టల్‌లో రాత్రి రెండు దాకా ఆడినోణ్ణి. నా వేలు వణుకుతది గాని చూపు పోలేదు. ఇప్పుడు మా వయసువాళ్లమే ఇద్దరిద్దరం జోడీలుగా ఆడుతున్నం. రెడ్ వేసినంక కవర్ కాయిన్ వేయకపోతే రెడ్ మళ్లీ బోర్డు మీదికే. ఎవరికీ మాఫీ లేదు. బోర్డుని స్టాండు మీద కాకుండా బరువైన టేబుల్ మీద పెట్టండి, మేం చెయ్యి ఆనించి లేస్తం, స్టాండు కదులుతది. పైన లైటు నేరుగా బోర్డు మీద పడాలె, లేకుంటే కంట్ల ఆపరేషన్ అయినోళ్లకి నలుపూ తెలుపూ సరిగా తెల్వది.

గెలిచినోళ్లకి చప్పట్లు చాలు, బహుమతులు వద్దు. ఓడినోళ్లు వచ్చే వారం పగ తీర్చుకోవాలె, గదే మాకు బహుమతి. పైసలు పెట్టి పేకాట మాత్రం తేవద్దు. దాంతోని పాత దోస్తులు మాట్లాడుకోవడం బంద్ చేసుడు నేను చూసిన.

భార్య పోయినాయన దిగడం లేదన్నారు. ఆయన్ని "ఆడుదాం రండి" అని పిలవకండి. నన్ను కూడా అట్లనే పిలిచిన్రు, పోబుద్ధి కాలే. మా దగ్గర ఒకాయన ఇంటికొచ్చి, "జోడీకి మనిషి దొరకలేదు, ఒక్క గేమ్‌కి కూర్చోండి సార్, మళ్లీ పోదురుగాని" అన్నడు. పోయిన. ఇప్పుడు నేనే పోయి పిలుస్తున్న.

జవాబు: డాలస్ నుంచి

మా అమ్మానాన్న ఆరు నెలలు ఇక్కడ ఉండటానికి వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ ఉండేవాళ్లు. ఊళ్లోని సీనియర్ సెంటర్‌లో కార్న్‌హోల్ అనే ఆట చూశాక అది వాళ్లకి బాగా అలవాటైంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పలకని వాలుగా పెట్టి, పైన ఆరంగుళాల కన్నం చేస్తారు. గుడ్డ సంచులు విసరాలి. కన్నంలో పడితే 3, పలక మీద ఆగితే 1. ఇరవై ఒకటి ముందు ఎవరు చేరితే వాళ్లు గెలిచినట్టు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడతారు. అసలు దూరం 27 అడుగులు గానీ పెద్దవాళ్లకి పది, పన్నెండు అడుగులు చాలు. చెయ్యి కింది నుంచే విసరాలి కాబట్టి భుజం నొప్పి ఉన్న నాన్నకీ కుదిరింది. ఇంగ్లిష్ రాకపోయినా ఇబ్బంది లేదు, సంచీ కన్నంలో పడితే అందరికీ అర్థమవుతుంది.

అమ్మ తిరిగి తెనాలి వెళ్లాక పాత జీన్స్ ప్యాంట్లు కత్తిరించి, లోపల చింతపిక్కలు పోసి సంచులు కుట్టింది. వడ్రంగికి ఫొటో చూపిస్తే పలక చేసి ఇచ్చాడు. మీ హాల్లో సులభంగా పెట్టొచ్చు. సంచీని డబుల్ కుట్టు వేయించండి, లేకపోతే పిక్కలు రాలి నేల మీద కాలు జారుతుంది.

సి బ్లాక్ కార్యదర్శి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సంఘం మీటింగులో పెట్టాను, ఒప్పుకున్నారు. చేతులున్న కుర్చీలు పన్నెండు కొనడానికి డబ్బు ఇస్తున్నారు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, నాలుగున్నర నుంచి. పేర్లు రాసుకోవడానికి కిందకి వెళ్తే అష్టాచెమ్మా నియమాల మీద వరంగల్ అత్తమ్మకీ భీమవరం మామ్మకీ అప్పుడే వాదన మొదలైంది. టీచర్ గారూ, ఉన్ని బంతులు ఒకటి సరిపోతుందా, ఎక్కువ తీసుకోవాలా?

రిటైర్డ్ డ్రిల్లు టీచర్, గుంటూరు

అరడజను తీసుకోండి. బకెట్ ఆటకి ఒక్కొక్కరికి మూడేసి ఉండాలి, ఒకే బంతి అయితే ప్రతిసారీ తెచ్చివ్వడానికే సమయం పోతుంది. ఆ వాదన ఆపకండి, ఇద్దరినీ ఒకే జట్టులో వేయండి. క్యారమ్స్ జోడీ ఖాళీ ఉందని, కిందకి దిగడం మానేసిన ఆయనకి కబురు పంపించండి.